అడవి నేరేడులో ఆంథోసయనిన్లు, ఫినాల్స్ కొలవడం: చెట్టు దగ్గర నుంచి చివరి లెక్క దాకా

నేరేడు పండు తింటే నాలుక ఊదారంగుకు తిరుగుతుంది, వెనకాలే వగరు పట్టుకుంటుంది. ఆ రంగు ఆంథోసయనిన్లది. ఆ వగరు చాలావరకు టానిన్లది. రెండూ ఫినాలిక్ పదార్థాల కుటుంబానివే. వీటిని ఒక మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో, ద్రవం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చెప్పే స్పెక్ట్రోఫోటోమీటర్ అనే ఒక్క మిషన్‌తో, పదిమంది నమ్మేలా ఎలా కొలవాలన్నదే ఈ మార్గదర్శి.

ముందే ఒక మాట చెప్పాలి. ప్రాజెక్టు రిపోర్టుల్లో నేరేడు అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపిస్తుంటాయి. చాలామంది మిషన్‌ను అనుమానిస్తారు. తేడా ఎక్కువగా మిషన్ ముందు కూర్చోకముందే వచ్చేస్తుంది: పండు ఎలా కోశారు, ఎంతసేపు బయట ఉంచారు, గింజ తీసి తూచారా, తడి బరువు మీద చెప్పారా, పొడి బరువు మీద చెప్పారా అన్నచోట. అందుకే ఇక్కడ ఆ భాగాలకే ఎక్కువ చోటిచ్చాను.

చెట్టును గుర్తించడం, పండు కోయడం

అడవి నేరేడు శాస్త్రీయ నామం సిజీజియం క్యుమిని. తోటల్లో పెంచే పెద్ద పండు రకాలదీ అదే పేరు కాబట్టి పేరొక్కటే రాస్తే సరిపోదు. పూతో కాయో ఉన్న చిన్న కొమ్మను కోసి, నొక్కి ఆరబెట్టి హెర్బేరియం షీటు తయారుచేయండి. హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ రీజినల్ సెంటర్‌లోనో, మీకు దగ్గరలోని యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలోనో చూపించి నిర్ధారించుకోండి. షీటుకు వచ్చిన నంబరును నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. రేపు ఎవరైనా మీ అంకెను ప్రశ్నిస్తే జవాబు ఆ షీటు దగ్గరే మొదలవుతుంది.

నల్లమల లాంటి చోట అభయారణ్యం హద్దుల్లో కోయాలంటే, వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం అటవీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఊరి పొలిమేరలో, చెరువు గట్టున, పొలం గట్టున పెరిగిన చెట్లయితే యజమానినో పంచాయతీనో అడిగితే చాలు. అక్కడివాళ్లను తప్పకుండా పలకరించండి. ఏ చెట్టు పండు తీపి, ఏది వగరు, ఏది ముందు పండుతుందన్నది వాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ దొరకదు.

మన దగ్గర నేరేడు జూన్, జూలై నెలల్లో పండుతుంది. ఒకే గుత్తిలో పచ్చికాయ, ఎర్రబడ్డ కాయ, నల్లటి పండు పక్కపక్కనే ఉంటాయి. ఆంథోసయనిన్లు పండేకొద్దీ పెరుగుతాయి, వగరు తగ్గుతుంది. అందుకని "పండినవి కోశాం" అని రాస్తే అర్థం లేదు. తొడిమ దగ్గర కూడా ఎరుపు మిగలకుండా నిండా నల్లబడి, వేలితో నొక్కితే కొంచెం మెత్తగా తగిలేవి మాత్రమే తీసుకోండి. కింద రాలినవి వద్దు. రాలినప్పుడే తొక్క చిట్లి, లోపలి ఎంజైములు పని మొదలుపెట్టి ఉంటాయి.

కనీసం మూడు చెట్ల నుంచి విడివిడిగా కోయండి. ఒక చెట్టు పండ్లు ఒక శాంపిల్. మూడింటినీ కలిపేసి ఒకే ముద్ద చేసి, దాన్ని మూడుసార్లు కొలిస్తే తెలిసేది మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందన్నదే. చెట్టుకూ చెట్టుకూ ఉన్న తేడా అందులో కనిపించదు. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ల్యాబ్‌కు చేరేదాకా

కోసిన పండ్లను మూత ఉన్న డబ్బాల్లో ఐస్ బాక్స్‌లో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. పాలిథిన్ కవర్లో కుక్కి బస్సులో ఒళ్లో పెట్టుకొస్తే సగం రసం కవర్లోనే ఉంటుంది. పండు నలిగిన చోట పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలి తగలగానే ఫినాల్స్‌ను గోధుమరంగు పదార్థాలుగా మార్చేస్తుంది. మీరు కొలవబోయేది ఆ ఫినాల్స్‌నే.

ల్యాబ్‌లో నీళ్లతో త్వరగా కడిగి, టిష్యూతో అద్దండి. ఇరవై పండ్లు తూచి, గింజలు తీసి, గింజలను విడిగా తూచి రెండు బరువులూ రాసుకోండి. తర్వాత లెక్కలో ఇవి చాలా ముఖ్యం. గింజ తీసిన గుజ్జును తొక్కతో సహా ఉంచండి. నేరేడులో రంగంతా తొక్కలోనూ దాన్ని అంటిపెట్టుకున్న గుజ్జులోనూ ఉంటుంది. తొక్క కొంచెం పోయినా అంకె పడిపోతుంది. అదే రోజు కొలవలేకపోతే చిన్న చిన్న పొట్లాలుగా కట్టి మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఒకసారి కరిగించిన పొట్లాన్ని మళ్లీ గడ్డకట్టించకండి.

ఇనుము, అల్యూమినియం గిన్నెలూ కత్తులూ వాడొద్దు. నేరేడులోని డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్ రకం ఆంథోసయనిన్లు ఈ లోహాలతో కట్టుబడి నీలిరంగుకు తిరుగుతాయి. గాజు, పింగాణీ, స్టెయిన్‌లెస్ స్టీల్ మంచివి.

తేమ ఎంతుందో ఆరబెట్టి తెలుసుకోవడానికి ప్రతి శాంపిల్ నుంచి 5 గ్రాముల గుజ్జు పక్కన పెట్టండి. 105 డిగ్రీల దగ్గర పెడితే పండులోని చక్కెర మాడి బరువు తప్పు వస్తుంది. 70 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్ ఉంటే అదే వాడండి. లేకపోతే మామూలు ఓవెన్‌లోనే 70 దగ్గర, వరసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఆరబెట్టండి.

సారం తీయడం

ద్రావకం: ఒక లీటరు మిథనాల్‌కు 1 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్. యాసిడ్ ఉంటేనే ఆంథోసయనిన్ ఎర్రటి రూపంలో నిలకడగా ఉంటుంది. అలాగని ఎక్కువ పోస్తే, వేడి చేస్తే, ఆంథోసయనిన్‌కు అతుక్కుని ఉన్న చక్కెర ఊడిపోతుంది. మిథనాల్ విషం, నిప్పు అంటుకుంటుంది, ఆవిరి పీల్చకూడదు. పని ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్ వేసుకుని చేయండి. హుడ్ లేని కాలేజీలో 70 శాతం ఇథనాల్‌లో 0.5 శాతం సిట్రిక్ యాసిడ్ కలిపి వాడండి. ఏది వాడారో రిపోర్టులో రాయండి, మధ్యలో మాత్రం మార్చకండి.

గుజ్జు 5 గ్రాములు తూచి, 20 మి.లీ. ద్రావకంతో హోమోజినైజర్‌లోనో పింగాణీ కల్వంలోనో మెత్తగా నూరండి. అల్యూమినియం రేకు చుట్టిన ఫ్లాస్క్‌లో, వెలుతురు తగలకుండా, గంటసేపు కలియబెట్టండి. రేకు బయటే ఉండాలి, రసానికి తగలకూడదు. వాట్‌మన్ నం. 1 ఫిల్టర్ పేపర్‌లో వడగట్టి, పిప్పిని మళ్లీ 15 మి.లీ.తో, ఇంకోసారి 10 మి.లీ.తో తీయండి. మూడోసారికి వచ్చే ద్రవం లేత గులాబీలోనో రంగు లేకుండానో ఉండాలి. ఇంకా ముదురుగా ఉంటే పండులోని సరుకు పండులోనే ఉంది, ద్రావకం ఇంకొంచెం కావాలి. అన్నీ కలిపి వాల్యుమెట్రిక్ ఫ్లాస్క్‌లో 50 మి.లీ.కి (ద్రావకం ఎక్కువ పట్టి ఉంటే 100 మి.లీ.కి) సరిచేయండి. అదే రోజు కొలిచేయడం మంచిది.

ఆంథోసయనిన్లు: రెండు బఫర్ల పద్ధతి

బఫర్ అంటే పీహెచ్‌ను (ఆమ్లత్వపు కొలతను) మారకుండా పట్టి ఉంచే ద్రావణం. ఈ పద్ధతిని పీహెచ్ డిఫరెన్షియల్ పద్ధతి అంటారు. పరీక్షా పద్ధతులకు ప్రమాణాలు పెట్టే ఏఓఏసీ సంస్థ దీన్ని 2005.02 నంబరుతో ప్రామాణికంగా గుర్తించింది. సూత్రం తేలికైనది. పీహెచ్ 1.0 దగ్గర ఆంథోసయనిన్ ఎర్రగా వెలుగుతుంది, 4.5 దగ్గర దాదాపు రంగు పోతుంది. కుళ్లి గోధుమరంగుకు మారిన పదార్థాలు మాత్రం రెండు చోట్లా ఒకే రంగులో ఉంటాయి. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మిగిలేది అసలు ఆంథోసయనిన్ వల్ల వచ్చిన రంగే.

మొదటి బఫర్‌కు పొటాషియం క్లోరైడ్ 1.86 గ్రాములు 980 మి.లీ. నీళ్లలో కరిగించి, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పీహెచ్ 1.0కి తెచ్చి, లీటరు చేయండి. రెండోదానికి మూడు నీటి అణువులున్న సోడియం ఎసిటేట్ 54.43 గ్రాములు 960 మి.లీ.లో కరిగించి, అదే యాసిడ్‌తో 4.5కి తెచ్చి లీటరు చేయండి. పీహెచ్ మీటర్‌ను ఆ రోజే క్యాలిబ్రేట్ చేయాలి. లిట్మస్ కాగితాలు ఇక్కడ పనికిరావు.

ఒక టెస్ట్‌ట్యూబ్‌లో మొదటి బఫర్ 9 మి.లీ., ఇంకోదాంట్లో రెండోది 9 మి.లీ. పోసి, ఒక్కోదాంట్లో సారం 1 మి.లీ. కలపండి. రెండూ పక్కపక్కన పట్టుకుని చూడండి. మొదటిది ఉన్నచోటే మండుతున్నట్టు ఎర్రగా ఉంటుంది. రెండోదాంట్లో చుక్క పడ్డచోట ఊదాతీగ ఒకటి తిరిగి, కలిపేకొద్దీ పలచబడి, నీళ్లకు కాస్త రంగు తగిలినట్టు మిగులుతుంది. రెండోది కూడా గట్టి రంగులోనే ఉండిపోతే బఫర్ పీహెచ్ తప్పయినా అయి ఉండాలి, సారం పాతబడైనా ఉండాలి.

సారం మొత్తంలో ఐదో వంతు దాటకూడదు, దాటితే బఫర్ బలం చాలదు. ఎర్రటి ట్యూబులో 520 నానోమీటర్ల దగ్గర రీడింగ్ 0.2, 1.4 మధ్య ఉండాలి. ఎక్కువొస్తే ఇంకా పలచన చేయండి, రెండు బఫర్లలోనూ పలచన సమానంగా ఉండాలి. కలిపిన 20 నిమిషాల తర్వాత, 50 నిమిషాలలోపు, 520 దగ్గరా 700 దగ్గరా చదవండి. 700 దగ్గర రీడింగ్ కేవలం మడ్డి వల్ల వచ్చేది. అది పెద్దగా ఉంటే సారాన్ని సెంట్రిఫ్యూజ్ చేయాల్సిందే, అంటే మిషన్‌లో వేగంగా తిప్పి మడ్డిని అడుగుకు దించాల్సిందే. బ్లాంక్‌గా, అంటే మిషన్‌ను సున్నా చేయడానికి, డిస్టిల్డ్ వాటర్ పెట్టండి.

ఒక్క రీడింగ్, మూడు అంకెలు

లెక్క అర్థమవడానికి ఊహించిన రీడింగులతో చేసి చూద్దాం. పీహెచ్ 1.0లో 520 దగ్గర 0.842, 700 దగ్గర 0.018. పీహెచ్ 4.5లో 0.136, 0.021.

మొదటి తేడా 0.842 − 0.018 = 0.824. రెండోది 0.136 − 0.021 = 0.115. ఒకదాంట్లోంచి ఇంకోటి తీస్తే 0.709.

లీటరుకు మి.గ్రా. = 0.709 × 449.2 × 10 × 1000 ÷ 26,900 = 118.4

ఇక్కడ 449.2 సయనిడిన్-3-గ్లూకోసైడ్ అణుభారం, 26,900 దాని మోలార్ శోషణ గుణకం (అది కాంతిని ఎంత గట్టిగా పీల్చుకుంటుందో చెప్పే అంకె), 10 మనం చేసిన పలచన, క్యువెట్ (రీడింగ్‌కు ద్రవం పోసే చిన్న గిన్నె) వెడల్పు 1 సెం.మీ. మన సారం 50 మి.లీ., అంటే అందులో 5.92 మి.గ్రా. అది 5 గ్రాముల గుజ్జు నుంచి వచ్చింది. 100 గ్రాముల తాజా గుజ్జుకు 118.4 మి.గ్రా.

ఇప్పుడు తేమ 80 శాతం అనుకోండి. పొడి బరువు మీద చెబితే అదే పండు 592 మి.గ్రా. అవుతుంది. గింజ నాలుగో వంతు బరువు ఉండి, గింజతో సహా మొత్తం పండు మీద చెబితే 89 దగ్గర ఉంటుంది. 89, 118, 592: మూడూ నిజమే, మూడూ ఒకే రీడింగ్ నుంచి వచ్చాయి. దేని మీద చెప్పామో రాయకపోతే మీ అంకెను ఇంకొకరి అంకెతో పోల్చడానికి దారే ఉండదు. తాజా గుజ్జు అంకె ఇచ్చి, పక్కన తేమ శాతం, గింజ శాతం రాయడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పద్ధతి. చదివేవాళ్లు కావాల్సినట్టు మార్చుకుంటారు.

ఇంకో సంగతి. నేరేడులో ఎక్కువగా ఉండేవి డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్, మాల్విడిన్‌ల డైగ్లూకోసైడ్లు, అంటే రెండు గ్లూకోజ్‌లు అతుక్కుని ఉన్న రూపాలు. లెక్కలో వాడిన సయనిడిన్-3-గ్లూకోసైడ్ ఒక కొలబద్ద మాత్రమే. అందుకే ఫలితం దగ్గర "సయనిడిన్-3-గ్లూకోసైడ్‌కు సమానంగా" అని రాయడం తప్పనిసరి. ఆ మాట లేకపోతే ఆ పదార్థమే అంత ఉందని అర్థమొస్తుంది, అది తప్పు.

మొత్తం ఫినాల్స్

దీనికి ఫోలిన్-సియోకాల్ట్యూ రీఏజెంట్ కావాలి. ఓటో ఫోలిన్, వింటిలా సియోకాల్ట్యూ 1927లో దీన్ని రూపొందించారు. ఇవాళ మనం వాడే రూపం 1965లో సింగిల్టన్, రోసీ సరిచేసినది. సీసా తెరవగానే రంగు చూడండి. పసుపుగా ఉంటే మంచిది. ఆకుపచ్చగా తిరిగి ఉంటే రీఏజెంట్ చెడింది, ఎంత ఖరీదైనా పక్కన పెట్టండి.

గాలిక్ యాసిడ్ అర గ్రామును 10 మి.లీ. ఇథనాల్‌లో కరిగించి నీళ్లతో 100 మి.లీ. చేయండి. ఇందులోంచి 1, 2, 3, 5, 10 మి.లీ. తీసి ఒక్కోదాన్ని 100 మి.లీ. చేస్తే లీటరుకు 50, 100, 150, 250, 500 మి.గ్రా. స్టాండర్డులు వస్తాయి. 10 మి.లీ. ట్యూబులో స్టాండర్డ్ గానీ పలచన చేసిన సారం గానీ 0.1 మి.లీ., నీళ్లు 7.9 మి.లీ., రీఏజెంట్ 0.5 మి.లీ. కలపండి. ఎనిమిది నిమిషాలు దాటకముందే 20 శాతం సోడియం కార్బొనేట్ 1.5 మి.లీ. పోయండి. 20 డిగ్రీల దగ్గర రెండు గంటలు, లేదా 40 డిగ్రీల వాటర్‌బాత్‌లో అర గంట ఉంచి 765 నానోమీటర్ల దగ్గర చదవండి. మన ఎండాకాలపు గదుల్లో 20 డిగ్రీలు ఎక్కడివి? వాటర్‌బాత్ వాడటమే మేలు. స్టాండర్డులనూ శాంపిళ్లనూ ఒకేసారి, ఒకే బాత్‌లో పెట్టాలి.

స్టాండర్డుల రీడింగులతో గ్రాఫ్ మీద గీత గీసి, శాంపిల్ అంకెను దాని మీద చదవండి. శాంపిల్ రీడింగ్ స్టాండర్డుల మధ్యలో పడాలి. గీతను బయటికి పొడిగించి చదివితే ఆ అంకెకు విలువ ఉండదు.

ఈ రీఏజెంట్ ఫినాల్స్‌తో మాత్రమే స్పందించదు. విటమిన్ సితో పాటు గ్లూకోజ్ లాంటి చక్కెరలు కూడా నీలిరంగు ఇస్తాయి. కాబట్టి వచ్చినదాన్ని "గాలిక్ యాసిడ్‌కు సమానంగా మొత్తం ఫినాల్స్" అని రాస్తూనే, అందులో కొంత ఇతర పదార్థాలదని ఒప్పుకోవాలి. మీ పని మీద నమ్మకం రావాలంటే తెలిసినంత గాలిక్ యాసిడ్‌ను సారంలో కలిపి మళ్లీ కొలవండి. కలిపినదాంట్లో 90 నుంచి 110 శాతం తిరిగి కనిపిస్తే బాగున్నట్టే.

వగరును విడిగా చూడాలంటే పీవీపీపీ అనే పొడి సాయపడుతుంది, ఇది టానిన్లను పట్టుకుంటుంది. దీనికి మిథనాల్ సారం వద్దు, ఎందుకంటే ఆల్కహాల్ ఎక్కువగా ఉంటే టానిన్లు పొడికి సరిగా అంటవు. 70 శాతం ఎసిటోన్‌తో వేరే సారం తీసి, ఎసిటోన్‌ను తక్కువ వేడి మీద రోటరీ ఎవాపొరేటర్‌లో పోగొట్టి, మిగిలిన నీటి ద్రవాన్ని కొలతకు సరిచేయండి. 100 మి.గ్రా. పొడికి 1 మి.లీ. నీళ్లు, 1 మి.లీ. ఈ ద్రవం కలిపి, 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటను అదే పద్ధతిలో కొలవండి. పొడి కలపని ఇదే ద్రవాన్ని కూడా కొలవండి. నీళ్లు కలపడం వల్ల పైతేట సగానికి పలచబడింది కాబట్టి దాని అంకెను రెండింతలు చేసి, పొడి కలపని ద్రవం అంకెలోంచి తీసేయండి. ఆ తేడా టానిన్లది. ఎసిటోన్ ఉన్న ద్రవాన్ని మాత్రం చవకరకం ప్లాస్టిక్ క్యువెట్‌లో పోయకండి, గోడలు మసకబారిపోతాయి.

ఏ ఆంథోసయనిన్ ఎంతో తెలియాలంటే

దీనికి సారంలోని పదార్థాలను ఒకదాని తర్వాత ఒకటిగా విడదీసే హెచ్‌పీఎల్‌సీ అనే మిషన్ కావాలి. కాలేజీలో లేకపోతే యూనివర్సిటీల ఇన్‌స్ట్రుమెంటేషన్ సెంటర్లలో డబ్బు కట్టి చేయించుకోవచ్చు. సీ18 కాలమ్, ఫార్మిక్ యాసిడ్ కలిపిన నీళ్లు, ఎసిటోనైట్రైల్, 520 దగ్గర డిటెక్టర్: మామూలుగా వాడే అమరిక ఇదే. ఫార్మిక్ యాసిడ్ 5 శాతానికి తగ్గితే పీకులు (గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరాలు) వెడల్పుగా పాకిపోతాయి. శాంపిల్‌ను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో పంపి తీసుకెళ్లండి.

అణువుల భారం చెప్పే మాస్ స్పెక్ట్రోమీటర్ కూడా ఉంటే గుర్తింపు చాలా తేలికవుతుంది. పాజిటివ్ మోడ్‌లో డెల్ఫినిడిన్ డైగ్లూకోసైడ్ 627 దగ్గర, పెట్యూనిడిన్‌ది 641 దగ్గర, మాల్విడిన్‌ది 655 దగ్గర కనిపిస్తాయి. ఒక్కో గ్లూకోజ్ ఊడినప్పుడు 162 తగ్గుతుంది. 627 నుంచి 465, అక్కడి నుంచి 303. ఆ 303 అంటే డెల్ఫినిడిన్. అలాగే 317 పెట్యూనిడిన్, 331 మాల్విడిన్. ఈ మెట్లు కాగితం మీద గీసుకుని స్పెక్ట్రమ్ పక్కన పెట్టుకుంటే బీఎస్సీ విద్యార్థి కూడా సొంతంగా గుర్తుపట్టగలడు.

ఈ అంకెలతో ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు

ఈ చెట్టు పండులో ఆ చెట్టుకన్నా రంగు పదార్థం ఎక్కువ, ఫ్రీజర్‌లో ఇంతకాలానికి ఇంత తగ్గింది, జ్యూస్ చేస్తే పిప్పిలో ఇంత పోయింది: ఇవన్నీ ధైర్యంగా చెప్పొచ్చు. రైతుకూ, జామ్ చేసే మహిళా సంఘానికీ పనికొచ్చేవి ఇవే.

"షుగర్ తగ్గిస్తుంది" అని మాత్రం ఈ కొలతల మీద ఆధారపడి రాయకండి. టెస్ట్‌ట్యూబులో ఆక్సీకరణను ఆపిన పదార్థం ఒంట్లోకి ఎంత చేరుతుంది, చేరి ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న. ఆంథోసయనిన్లు తిన్నవి తిన్నట్టుగా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల యాంటీఆక్సిడెంట్ శక్తి పట్టికను 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ నేరుగా సంబంధం చూపలేమని, కంపెనీలు వాటిని అమ్మకాలకు వాడుకుంటున్నాయని కారణం చెప్పింది. మందులు వాడుతున్న షుగర్ పేషెంట్ ఎవరైనా మీ రిపోర్టు చదివి మాత్రలు మానేస్తే నష్టపోయేది ఆ మనిషి.

యాంటీఆక్సిడెంట్ శక్తిని టెస్ట్‌ట్యూబులో చూసే డీపీపీహెచ్ పరీక్షకూ ఇదే వర్తిస్తుంది. అడిగితే చేయండి: 100 మి.లీ. మిథనాల్‌లో 3.94 మి.గ్రా. డీపీపీహెచ్, చీకట్లో అర గంట, 517 దగ్గర రీడింగ్. పండు సొంత ఎరుపు కూడా అక్కడే కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి డీపీపీహెచ్ లేని సారంతో విడిగా బ్లాంక్ పెట్టి తీసేయాలి. ఈ ఒక్క బ్లాంక్ పెట్టకపోతే నేరేడు శక్తి ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

వేరే అడవి పండ్లకు ఏం మార్చాలి

కలివి పండ్లకు పాలు కారతాయి. ఆ పాలు సారాన్ని మసకచేస్తాయి, 700 దగ్గర రీడింగ్ పెరుగుతుంది. నిండా నల్లబడినవే తీసుకుని, వడగట్టడంతో ఆపకుండా సెంట్రిఫ్యూజ్ చేయండి. తునికి పండు పసుపు రంగులో ఉంటుంది, అది ఆంథోసయనిన్ కాదు, కెరోటినాయిడ్లు. దానికి రెండు బఫర్ల పద్ధతి చేయడమే దండగ. టానిన్ల కొలతే దానికి సరైనది.

రేగు, పరికి పండ్లలో విటమిన్ సిని తప్పకుండా కొలవండి, లేకపోతే ఫినాల్స్ అంకె ఉత్త పొంగే. మెటాఫాస్ఫరిక్ యాసిడ్‌లో సారం తీసి, డైక్లోరోఫినాల్ ఇండోఫినాల్‌తో టైట్రేషన్ చేస్తే చివర్లో లేత గులాబీ నిలుస్తుంది. రేగు గుజ్జు తెలుపు కాబట్టి ఆ గులాబీ స్పష్టంగా కనిపిస్తుంది. నేరేడు, కలివిలో పండు ఎరుపులో అది కలిసిపోయి కంటికి ఆనదు. ఆ రెండింటికీ టైట్రేషన్ వదిలేసి, విటమిన్ సిని హెచ్‌పీఎల్‌సీలో 254 నానోమీటర్ల దగ్గర కొలిపించుకోండి.